గోడమీది గుమ్మడిగింజ పురుగు: పెంచడం, కోసి చూడటం, పేరు రాయడం

బాత్‌రూమ్ గోడమీదో, బీరువా వెనకో, మెట్ల కిందో గుమ్మడిగింజలాంటి బూడిదరంగు పెచ్చు ఒకటి అతుక్కుని ఉంటుంది. కాసేపు కదలకుండా చూస్తే దాని ఒక కొసలోంచి ముదురు గోధుమరంగు తల బయటికొస్తుంది. ఆరు కాళ్ళతో గోడను పట్టుకుని గూడునంతా తనతో ఈడ్చుకుపోతుంది. తాకితే గభాలున లోపలికి ముడుచుకుంటుంది, కాసేపటికి రెండో కొసలోంచి తల పెడుతుంది. సిమెంటు పెచ్చనుకుని చీపురుతో ఊడ్చేసేవాళ్ళే ఎక్కువ.

ఇది టినీయిడే కుటుంబానికి చెందిన చిమ్మట పిల్ల. ఇంగ్లీషులో ఈ కుటుంబాన్ని శిలీంధ్ర చిమ్మటలు అంటారు, ఎందుకంటే వీటిలో చాలావాటి లార్వాలు పుట్టగొడుగుల మీద, కుళ్ళిన చెక్కలోని బూజు మీద, లైకెన్ల మీద బతుకుతాయి. ఉన్ని బట్టలు కొట్టే చిమ్మటలూ ఈ ఇంటివే. మన గోడమీది పురుగుకు మాత్రం ముఖ్యాహారం పాత సాలెగూళ్ళు. తెలుగులో బూజు అంటే రొట్టెమీద పట్టేదీ, మూలల్లో వేలాడేదీ రెండూ కాబట్టి, బూజు చిమ్మటలు అంటే కుటుంబం మొత్తానికీ సరిపోతుంది.

దీని ప్రజాతి ఫెరియోయికా. ఇల్లు మోసేది అనే గ్రీకు మాటలోంచి వచ్చిన పేరు. ఇంతవరకు పేచీ లేదు. ఏ జాతి అన్నదగ్గరే చిక్కంతా.

చిక్కు ఎక్కడ

1892లో కీటక శాస్త్రవేత్త రెబెల్ కానరీ దీవుల చిమ్మటలను వర్ణిస్తూ ఒకదానికి అల్యుటెల్లా అని పేరు పెట్టాడు. 1897లో వాల్సింగ్‌హామ్ ఇంకొకదాన్ని యుటెరెల్లా అన్నాడు. 1932లో మేరిక్ మరోదానికి డ్యుబిటాట్రిక్స్ అని పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు సందేహించేది అని అర్థం. పేరు ఊరికే పోలేదు. ఆ తరవాత బస్క్ పెట్టిన వాల్సింగ్‌హామీ కూడా వచ్చి చేరింది. వీటిలో కొన్ని మొదట బట్టల చిమ్మట ప్రజాతి టినియోలాలో ఉండేవి. 1956లో హింటన్, బ్రాడ్లీ బల్లపరుపు గూడు మోసేవాటిని విడదీసి ఫెరియోయికా అనే కొత్త ప్రజాతి కట్టారు. నేటి జాబితాల్లో డ్యుబిటాట్రిక్స్, వాల్సింగ్‌హామీ రెండూ యుటెరెల్లాకు మారుపేర్లు. 1973లో గోజ్మానీ, వారీ ఆఫ్రికా నుంచి ప్రీకాక్స్ అనే జాతిని చేర్చారు.

పాత లెక్క ప్రకారం భారతదేశం, శ్రీలంక, జావా, సీషెల్స్‌లలో దొరికేది అల్యుటెల్లా. అమెరికా ఖండాల్లోది యుటెరెల్లా. ఈమధ్య మనదేశం నుంచి వచ్చిన రాతల్లో యుటెరెల్లా పేరు కనిపిస్తోంది. ఫొటో చూసి, నెట్‌లో మొదట దొరికిన, యుటెరెల్లా గురించిన ఫ్లోరిడా పేజీతో పోల్చి పేరు రాసేస్తే జరిగేది ఇదే. గూడు చూసి జాతి చెప్పలేం. రెక్కలమీది మచ్చలు చూసి చెప్పడం కూడా ప్రమాదమే, పొలుసులు రాలిపోతే మచ్చలు ఉండవు. పొట్ట చివరి జననాంగాలను కోసి చూడాలి. ఆ కోసిన నమూనా, దాని గూడు, ప్యూపా కుబుసం, డిఎన్ఏ కోసం తీసిన కాలు అన్నీ ఒకే పురుగువి అయి ఉండాలి. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క షరతు కోసమే.

సేకరణ

కనీసం 15 గూళ్ళు కావాలి. కొన్ని ఖాళీవి, కొన్నిటిలో పరాన్నజీవి కందిరీగలు ఉంటాయి, కొన్ని చస్తాయి. చివరికి అయిదారు చిమ్మటలు చేతికొస్తే పని బాగా జరిగినట్టే. వానాకాలంలోనూ, ఆ వెంటనే గోడలు చెమ్మగా ఉన్న రోజుల్లోనూ వెతకండి. నేలా గోడా కలిసే మూల, కిటికీ చట్రం కింద, బరువైన సామాను వెనక, బూజు దులపని స్టోర్‌రూమ్ పైకప్పు చూడండి. పండక్కి ఇల్లు దులిపేముందు రోజు అయితే మరీ మంచిది.

ప్రాణమున్నదో లేదో తెలుసుకోవడానికి గూడును తెల్లకాగితం మీద పెట్టి పది నిమిషాలు వదిలేయండి. కదలకపోతే వెనకనుంచి టార్చి వేసి చూడండి, లోపల నల్లటి నిలువు నీడ కనిపిస్తే పురుగు ఉన్నట్టు. ఒక కొసనుంచి పల్చటి గోధుమరంగు పొర బయటికి పొడుచుకొచ్చి ఉంటే చిమ్మట ఎగిరిపోయింది, ఆ పొరే ప్యూపా కుబుసం. దాన్నీ పారేయకండి, విడిగా సీసాలో వేసి చీటీ రాయండి.

గోడనుంచి తీసేటప్పుడు గోటితో గిల్లవద్దు. నడిచే గూడైతే కాగితం అంచుతో తోస్తే ఊడుతుంది. రెండు కొసలా పట్టుదారంతో కట్టుకుని కూర్చున్నదైతే ప్యూపాకు సిద్ధమైంది. దాన్ని లాగితే గూడు చిరిగి లోపలిది నలుగుతుంది. బ్లేడును గోడకు ఆనించి దారాన్ని మాత్రమే కోయండి. ఎత్తైన చోట నిటారు గోడమీద ఉన్నవి ఎక్కువగా ఇలాంటివే, ప్యూపా దశకు ముందు పురుగు గోడ ఎక్కుతుంది.

ఒక్కో గూడుకు ఒక్కో డబ్బా. రెంటిని కలిపి పెడితే ఏ చిమ్మట ఏ గూట్లోంచి వచ్చిందో తరవాత ఎవరూ చెప్పలేరు. పెంపకంలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే, సరిదిద్దే దారి లేని తప్పు కూడా.

డబ్బా, తేమ, తిండి

50 నుంచి 100 మిల్లీలీటర్ల మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. మూతకు వేడి సూదితో ఏడెనిమిది బెజ్జాలు పొడిచి, లోపలివైపు సన్నటి నైలాన్ గుడ్డ అతికించండి. అడుగున గరుకు కాగితం పరిస్తే పురుగు జారకుండా నడుస్తుంది. నిటారుగా ఒక అట్టముక్క నిలబెట్టండి, ప్యూపా కట్టేముందు ఎక్కడానికి పనికొస్తుంది.

తేమే అసలు సంగతి. ఏసీ గదిలో పెడితే పురుగు తిండి మానేసి గూట్లోనే ఎండిపోతుంది. అలాగని తడి దూది వేస్తే రెండు రోజుల్లో రొట్టెబూజు పట్టి గూడునే కప్పేస్తుంది. ఈ రెండిటి మధ్య నిలకడగా ఉంచడానికి వంటింటి ఉప్పు చాలు. చిన్న గిన్నెలో ఉప్పు వేసి, అది ముద్దలా తడిసేంత నీళ్ళు మాత్రమే పోయండి, ఉప్పు పూర్తిగా కరగకూడదు. పెంపకపు డబ్బాలన్నిటినీ, ఈ గిన్నెనూ మూతబిగువుగా ఉన్న పెద్ద డబ్బాలో పెడితే లోపలి తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది. గిన్నెలో ఉప్పంతా కరిగిపోయి నీరే మిగిలితే తేమ పెరిగిపోతుంది, మళ్ళీ ఉప్పు వేయండి. ఎండి గడ్డకడితే నీళ్ళు చిలకరించండి. వారానికి రెండుసార్లు పెద్ద డబ్బా మూత పది నిమిషాలు తెరవండి.

తిండి విషయంలో పాత రాతలే ఒకదానితో ఒకటి కలవవు. 1933లో ఫ్లోరిడాలో కియా పెంచిన పురుగులు ఎండిన కీటకాలనూ నూలునూ ముట్టలేదు. పనామాలో ఐయెల్లో పెంచినవి చచ్చిన దోమలనూ, తమ జాతివే పాత గూళ్ళనూ తిని పెరిగాయి. ఆ పని 1979లో అచ్చయింది, ఆవిడ దానికి అల్యుటెల్లా అనే పేరు వాడారు. ఇది జాతుల మధ్య తేడానా, పెంచిన తీరులో తేడానా అన్నది మీ డబ్బాలోనే కొంత తేలుతుంది. అందుకని ఒక్కో డబ్బాలో నాలుగూ పెట్టండి: గోళీకాయంత సాలెగూటి ముద్ద, పది చచ్చిన దోమలు, ఒక ఖాళీ గూడు, సెంటీమీటరు పొడవు అచ్చమైన ఉన్ని దారం. ఏది కొరికిందో వారంవారం రాసుకోండి. రంగు ఉన్ని వేస్తే పనికొచ్చే లాభం ఒకటుంది: కొత్తగా కట్టిన గూటి అంచు ఆ రంగులో కనిపిస్తుంది, పెరుగుదల కొలవడం తేలికవుతుంది. రెట్టల రంగు కూడా ఏం తిన్నదో చెబుతుంది.

దోమలు ఎలక్ట్రిక్ బ్యాట్‌తో కొట్టినవి వాడండి. కాయిల్ వెలిగించిన గదివీ, మందు కొట్టిన గదివీ వద్దు. సాలెగూళ్ళకీ అదే నియమం. పురుగు బాగున్నట్టే ఉండి మూడో రోజు గూట్లోంచి సగం బయటికి వేలాడి చస్తే తిండిలో మందు ఉందని ముందు అనుమానించండి.

చీమలు మరో బెడద. పెరుగు గిన్నెకు పెట్టినట్టే పెద్ద డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టండి. చీమల సుద్ద గీయవద్దు, దాని పొడి గాలిలో లేచి డబ్బాల్లోకి చేరుతుంది.

ఫ్లోరిడా లెక్కలో లార్వా దశ సుమారు 50 రోజులు, అందులో కుబుసం విడుస్తూ ఆరేడు మెట్లు దాటుతుంది. ప్యూపా 11 నుంచి 23 రోజులు. గుడ్డు నుంచి చిమ్మట దాకా రెండున్నర నెలలు. మన ఎండలకు తేడా రావచ్చు, తేదీలు రాసుకోండి. నిండా ఎదిగిన గూడు 8 నుంచి 14 మిల్లీమీటర్ల పొడవు, 3 నుంచి 5 వెడల్పు ఉంటుంది. ప్యూపా కట్టేముందు పురుగు గూటి ఒక కొసను రెండు అంచులా కొద్దిగా కోసి తలుపులా పల్చగా చేస్తుంది. ఆ కొసను గుర్తుపెట్టుకోండి, చిమ్మట వచ్చేది అందులోంచే.

చిమ్మటకు బదులు నల్లటి చిన్న కందిరీగ వస్తే నిరాశపడొద్దు. అపాంటెలీస్ కార్పేటస్ అనే బ్రాకోనిడ్ కందిరీగ వీటి లార్వాల్లో పెరుగుతుంది. దాన్ని 95 శాతం ఇథనాల్‌లో వేసి, వచ్చిన గూటితో కలిపి దాచండి. ఆ కందిరీగ పేరు కూడా కోసి చూసిన తరవాతే రాయాలి.

చిమ్మట వచ్చిన రోజు

ఎక్కువగా మధ్యాహ్నం ప్రాంతంలో వస్తుంది. రెక్కలు పూర్తిగా విచ్చి గట్టిపడటానికి రెండు మూడు గంటలు ఆగండి. మరుసటి రోజుదాకా మాత్రం ఆగవద్దు, డబ్బాలో కొట్టుకుని పొలుసులు రాల్చుకుంటుంది. ఆడది రెక్కల కొసనుంచి కొసకు 10 నుంచి 13 మిల్లీమీటర్లు, బూడిదరంగు ముందురెక్కలమీద నాలుగు వరకూ నల్ల మచ్చలు. మగది 7 నుంచి 9 మిల్లీమీటర్లు, మచ్చలు మసక.

ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి చంపడం అన్నిటికన్నా తేలిక. బయటికి తీశాక పదిహేను నిమిషాలు మూత తీయకుండా ఉంచండి, లేకపోతే చల్లటి రెక్కలమీద నీటి చెమ్మ పట్టి పొలుసులు అట్టకట్టుకుపోతాయి. సాధారణ కీటక సూది దీని వక్షానికి మరీ లావు. 0.15 మిల్లీమీటర్ల లావున్న, మినూటెన్ అనే తలలేని సన్నటి సూదిని వక్షం మధ్యలో నిటారుగా గుచ్చి, దాన్ని చిన్న నురుగు ముక్కలో నాటి, ఆ ముక్కను పెద్ద సూదికి ఎక్కించాలి. మినూటెన్ దొరక్కపోతే రెక్కలు పరచే ఆశ వదులుకుని, మూడుకోణాల గట్టి కాగితం కొసమీద చిటికెడు జిగురుతో అతికించండి. లావు సూదితో వక్షం పగలగొట్టడం కన్నా అదే నయం.

రెక్కలు పరిచేముందు కుడివైపు మధ్యకాలు ఒకటి తీసి 95 శాతం ఇథనాల్‌లో వేయండి, డిఎన్ఏ కోసం. ఎప్పుడూ ఒకే వైపు కాలు తీస్తే ఏ నమూనాకు తీశారో చూడగానే తెలుస్తుంది.

ఇప్పుడు భూతద్దంలో కుటుంబం సరిచూసుకోండి. తలమీద వెంట్రుకల్లాంటి పొలుసులు నిక్కబొడుచుకుని ఉండాలి. నోటి కింద ముందుకు సాగిన పెదవి స్పర్శాంగాల రెండో కణుపుకు పక్కగా గరుకు ముళ్ళలాంటి వెంట్రుకలుండాలి. పీల్చే తొండం పొట్టిగా ఉంటుంది, లేదా ఉండదు. వెనకకాళ్ళు బొచ్చుగా ఉంటాయి. ఈ ముళ్ళు కనిపించకపోతే మీ చేతిలోది టినీయిడే కాకపోవచ్చు. తోటల్లో కొమ్మలకు వేలాడే పుల్లల సంచి పురుగులు సైకిడే అనే వేరే కుటుంబం. వాటి గూడు పరుపుగా ఉండదు, ఆడవాటిలో చాలావాటికి రెక్కలే రావు. ఇళ్ళలోనే తిరిగే ప్రేయాసెడీస్ ఎటోమోసెల్లా అనే దగ్గరి చుట్టం కూడా గూడు మోస్తుంది, దానితో పొరబడటం సులువు.

పొట్ట కోయడం

40 రెట్లు చూపే స్టీరియో మైక్రోస్కోప్, సూదిమొన పటకారులు రెండు, పుల్లకు గుచ్చిన మినూటెన్ సూదులు రెండు, గుంట ఉన్న గాజు పలకలు, పిల్లి మీసమంత సన్నటి కుంచె కావాలి. పొటాషియం హైడ్రాక్సైడ్ 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. నీళ్ళలోకే పలుకులు వేయాలి, పలుకులమీద నీళ్ళు పోయకూడదు. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. సీసా ప్లాస్టిక్‌ది వాడండి, గాజు మూతైతే కొన్నాళ్ళకు పట్టేస్తుంది.

పొట్టను కిందినుంచి పైకి మెల్లగా వంచితే వక్షం దగ్గర విరుగుతుంది. చిన్న పరీక్షనాళికలో ఈ ద్రావణంలో వేసి, 70 డిగ్రీలు దాటిన వేడినీళ్ళలో 10 నిమిషాలు నిలబెట్టండి. తొందర లేకపోతే గది వేడిమిలో రాత్రంతా వదిలేయండి, చెయ్యి తిరగనివాళ్ళకు ఇదే మంచిది. కొవ్వు కరిగి పొట్ట అద్దంలా కనిపించాలి. తక్కువ ఉడికితే పొలుసులు వదలవు. ఎక్కువైతే ఆడదాని పల్చటి సంభోగ సంచి కుంచె తగలగానే చిరిగిపోతుంది. పొట్ట తేలుతూ ఉంటే లోపల గాలి ఉంది, ఇథనాల్‌లో ఒక క్షణం ముంచి తీస్తే మునుగుతుంది.

నీళ్ళలోకి మార్చి కుంచెతో పొలుసులు దులపండి, తలవైపునుంచి చివరివైపుకే. మగదానిలో ఏడో, ఎనిమిదో ఖండాల మధ్య పొరను సూదులతో చింపి జననాంగాలను విడదీయండి. ఆడదానిలో ఆ పొర దగ్గరే సంభోగ రంధ్రం ఉంటుంది కాబట్టి ఏడో ఖండాన్ని జననాంగాలతోనే ఉంచేయండి. ఈ రంధ్రాన్ని తెంపేసుకోవడమే కొత్తవాళ్ళ స్లైడ్లలో కనబడే ముఖ్య దోషం. ఆడవాటికి 70 శాతం ఇథనాల్‌లో క్లోరజాల్ బ్లాక్ రంగు పది పదిహేను సెకన్లు చాలు. మగవాటికి చాలాసార్లు రంగే అక్కర్లేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: వెంటనే కవర్‌స్లిప్ కింద నలిపేయకండి. ముందు గ్లిజరిన్ చుక్కలో పక్కనుంచి, కిందినుంచి, వెనకనుంచి మూడు ఫొటోలు తీయండి. ఈ కుటుంబంలో మగ జననాంగాలు గొట్టంలా ముడుచుకుని ఉంటాయి. పాత బొమ్మలు కొన్ని పక్కనుంచి వేసినవి, కొన్ని విప్పి పరచినవి. ఒకసారి నలిపాక మొదటిరకం బొమ్మతో పోల్చే వీలు పోతుంది. మగదానిలో పైకొక్కెం, రెండు పట్టుబిళ్ళల ఆకారం, వాటి కింద లోపలికి పొడుచుకొచ్చిన కాడ పొడవు, విడిగా తీసిన లింగం లోపలి ముళ్ళు చూడాలి. ఆడదానిలో గుడ్లు పెట్టే గొట్టాన్ని నడిపే రెండు జతల కడ్డీల పొడవుల నిష్పత్తి, రంధ్రం అంచు, సంచి గోడమీద గట్టి బిళ్ళలు ఉన్నాయా లేదా అన్నది చూడాలి. కొలతలన్నీ స్కేల్ గీతతో తీసుకోండి.

శాశ్వత స్లైడుకు యూపరాల్ అనే జిగురు వాడతారు. మొదటి నాలుగైదు నమూనాలకు మాత్రం గ్లిజరిన్ నింపిన బుల్లి సీసాలో వేసి, నమూనా సూదికే గుచ్చడం మేలు. తరవాత ఇంకొకరు తిప్పి చూడగలుగుతారు.

డిఎన్ఏ ఎంతవరకు

కాలినుంచి తీసే సిఓఐ అనే జన్యువు బార్‌కోడ్ 658 అక్షరాల వరస. ఇలాంటి బార్‌కోడ్లు దాచే బోల్డ్ డేటాబేస్‌లో పోల్చితే ఏదో ఒక పేరు వస్తుంది. ఆ పేరు అక్కడ పెట్టినవాళ్ళు కూడా గూడు చూసే రాసి ఉండొచ్చు. కాబట్టి మ్యాచ్ శాతంతో ఆగకుండా, ఆ నమూనాకు జననాంగాల ఫొటో ఉందా, ఏ దేశానిది, ఎవరు నిర్ణయించారు అన్నవి తెరిచి చూడండి. మీ వరస భారతదేశపు గుంపులో ఒకచోట, అమెరికా గుంపు మరోచోట పడితే అది చెప్పుకోదగ్గ ఆధారమే. కానరీ దీవుల నమూనాతో కలిసేదాకా దానికి అల్యుటెల్లా అని మాత్రం రాయకూడదు. ఒకవేళ అల్యుటెల్లా, యుటెరెల్లా రెండూ ఒకే జాతి అని ఎప్పుడైనా తేలితే, 1892 నాటిది ముందు పేరు కాబట్టి అదే నిలుస్తుంది.

చీటీమీద ఏం రాయాలి

తెలిసినంతే రాయాలి. గూడు మాత్రమే ఉంటే "టినీయిడే, బల్లపరుపు గూడు" చాలు. చిమ్మట ఉండి కోయకపోతే "ఫెరియోయికా ఎస్పీ.", అంటే ప్రజాతి తెలుసు, జాతి తెలియదు. కోసి, అచ్చయిన బొమ్మకు దగ్గరగా ఉందనిపించి, మొదట పేరు పెట్టిన అసలు నమూనాతో పోల్చకపోతే "ఫెరియోయికా సీఎఫ్. అల్యుటెల్లా". పోల్చి చూడండి అని అర్థమిచ్చే ఆ సీఎఫ్. అన్న రెండక్షరాలు నామోషీ కాదు, తరవాత చూసేవారికి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెబుతాయి. ఊరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, గూడు దొరికిన తేదీ, చిమ్మట వచ్చిన తేదీ, గోడ రకం, తిన్న తిండి, స్లైడ్ నంబరు, కాలి సీసా నంబరు ఉండాలి. రెండు తేదీలూ రాయండి. ఒక్కటే రాస్తే అది దేనిదో ఎవరికీ తెలియదు. పెన్సిల్‌తోగాని, ఇథనాల్‌లో కరగని సిరాతోగాని రాయాలి.

నమూనాలు దాచేందుకు జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాను సంప్రదించవచ్చు, హైదరాబాద్ అత్తాపూర్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. విదేశీ నిపుణులకు పంపాలనుకుంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద అనుమతులు చూసుకోవాలి, కాలు ముక్క పోస్టులో వేయడం కూడా అందులోకే వస్తుంది. ఫొటోలు పంపడానికి ఆ బాధ లేదు.

చివరిగా, పెంపకపు డబ్బాలను మీ కీటకాల పెట్టె ఉన్న గదిలో పెట్టకండి. తప్పించుకున్న ఒక్క లార్వా చాలు, సూదులకు గుచ్చిన పాత నమూనాలను తిని వాటి పొలుసులతోనే గూడు కట్టుకుంటుంది.